వారానికి 36 గంటలు: ఒక మున్సిపాలిటీ పనితనం

ఇటలీ ఉత్తరాన, పో నది మైదానంలో, మిలాన్‌కూ బొలోన్యాకూ మధ్య రెజ్జో ఎమీలియా అనే నగరం ఉంది. జనాభా సుమారు 1,70,000. మన లెక్కలో ఓ మోస్తరు జిల్లా కేంద్రం. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం అక్కడి మున్సిపాలిటీ సొంతంగా బాలబడులు నడుపుతుంది. ఆ బడుల్లో టీచరుకు స్థిరపడిన పని వారానికి 36 గంటలు. అందులో 30 గంటలు పిల్లలతో గడుస్తాయి. తక్కిన 6 గంటలు పిల్లలు లేకుండా పనిచేయాలి. వాటిలో సుమారు నాలుగున్నర గంటలు తోటివారితో సమావేశాలకు, రాబోయే పని ఆలోచించుకోవడానికి, శిక్షణకు. మిగిలిన గంటన్నర, ఆ వారం పిల్లలు అన్న మాటలు, గీసిన బొమ్మలు, వాళ్లు పనిలో ఉండగా తీసిన ఫొటోలు ముందు పరుచుకుని చదువుకోవడానికి. ఇదంతా జీతంలో భాగమైన పని. ఓపిక ఉంటే చేసే అదనపు సేవ కాదు.

ఈ బడుల పేరు ప్రపంచానికి గట్టిగా తెలిసింది 1991లో. ప్రపంచంలోని పది మేటి పాఠశాలలను ఎంచుతూ అమెరికా పత్రిక న్యూస్‌వీక్, చిన్నపిల్లల చదువు విషయంలో ఈ ఊరి దియానా బడిని చేర్చింది. అప్పటినుంచి జనం అక్కడి పిల్లలు గీసిన బొమ్మలు చూసి అబ్బురపడుతూనే ఉన్నారు. అవి నిజంగా అబ్బురపడదగ్గవే. అయితే నా కంటికి మాత్రం బొమ్మల కంటే ముందు ఆ ఆరు గంటలే ఆనతాయి. నాలుగేళ్ల పిల్ల అన్న మాట గురించి ఆలోచించడానికి ఒక నగర పాలక మండలి డబ్బు కేటాయించింది. ఆ మాట విలువైనదని ఉపన్యాసాల్లో చెప్పడం తేలిక. జీతాల పట్టికలో చూపించడం కష్టం. రెజ్జో పనితనమంతా ఆ కష్టమైన చోటే ఉంది కాబట్టి, ఈ యంత్రాన్ని ఒక్కో భాగమూ విప్పి చూడాలి.

మొదటి భాగం తరగతి. ఒక తరగతిలో పాతిక మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఇద్దరిదీ ఒకే హోదా, ఒకరు పెద్ద టీచరు, ఇంకొకరు సహాయకురాలు అనే తేడా లేదు. బడికి హెడ్మాస్టరు కూడా లేరు. ఇద్దరు ఎందుకు అన్నదానికి జవాబు తరగతి నడిచే తీరులోనే దొరుకుతుంది. ఒక టీచరు నలుగురైదుగురు పిల్లలతో ఒక బల్ల దగ్గర కూర్చుని ఒకే పని మీద ముప్పావు గంట ఉండాలంటే, మిగతా ఇరవై మందిని చూసేవారు ఇంకొకరుండాలి. ఒకరు పిల్లలతో మాట్లాడుతుంటే వాళ్ల మాటలు రాసుకునేవారు వేరే ఉండాలి. అన్నింటికంటే ముఖ్యంగా, ఒక పిల్లవాడి గురించి టీచరు ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని ప్రశ్నించడానికి అదే పిల్లవాణ్ణి అదే గదిలో చూసిన రెండో మనిషి కావాలి. ఒంటరి టీచరు తన పొరపాటు తాను పట్టుకోలేదు. ఇద్దరున్నచోట ఆ దిద్దుబాటు రోజువారీ పనిలోనే జరిగిపోతుంది.

ఈ జంట అదే పిల్లలతో మూడేళ్లు సాగుతుంది. ఏటేటా టీచరు మారితే, మొదటి నాలుగు నెలలు పిల్లల్ని తెలుసుకోవడానికే సరిపోతాయి. ఇక్కడ ఆ నాలుగు నెలలు ఒక్కసారే ఖర్చవుతాయి. రెండో ఏడు మొదలయ్యేసరికి ఏ పిల్ల మాట్లాడేముందు చేతులతో చేసి చూస్తుందో, ఏ పిల్లవాడు అడిగితే చెప్పడో, పక్కవాణ్ణి అడిగితే అందుకుంటాడో టీచరుకు తెలుసు.

రెండో భాగం కట్టడం. గుమ్మంలో అడుగుపెట్టగానే గోడమీద అక్కడ పనిచేసే అందరి ఫొటోలు, పేర్లు ఉంటాయి: టీచర్లు, వంటవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు. లోపలికి వెళితే పొడవాటి వసారాలు, వరస తలుపులు కనబడవు. ఇటలీలో ప్రతి ఊరికీ నడిబొడ్డున ఒక చౌకు ఉంటుంది. బడి నడుమ కూడా అలాంటి చౌకే ఒకటి వదిలారు. తరగతి గదులన్నీ దానిలోకే తెరుచుకుంటాయి. ఎక్కడికి వెళ్లాలన్నా దాన్ని దాటాలి కాబట్టి మూడేళ్లవాళ్లు, ఐదేళ్లవాళ్లు రోజూ ఒకరి పని ఒకరు చూస్తారు. గోడల్లో చాలా భాగం అద్దమే. గది లోంచి చౌకు, చౌకు లోంచి తోట, తోటలోంచి వీధి కనిపిస్తాయి. మూడు అద్దాలను త్రికోణంగా డేరాలాగా నిలబెడతారు. పిల్ల అందులోకి దూరి కూర్చుంటే తన వీపు తనకు కనిపిస్తుంది, తన లాంటివాళ్లు లెక్కలేనంతమంది కనిపిస్తారు. తన రూపం గురించి పిల్లను ప్రశ్నలడగక్కర్లేదు. అక్కడ కూర్చోబెడితే ప్రశ్నలు తానే అడుగుతుంది.

వంటగది గురించి కాస్త ఆగి చెప్పాలి. సాధారణంగా బడి కట్టేవాళ్లు వంటగదిని వెనక్కి నెట్టేస్తారు, పొగ, గిన్నెల చప్పుడు, తడి నేల కనబడకూడదని. ఇక్కడ దాన్ని అందరికీ కనబడేలా, చాలా బడుల్లో అద్దం వెనక పెట్టారు. మధ్యాహ్న భోజనం అక్కడే వండుతారు. వంటమనిషి మున్సిపాలిటీ ఉద్యోగే. బడి సమావేశాల్లో ఆమెకూ చోటుంది. ఏ పిల్ల ఏం తింటోందో, ఎవరు ఇవాళ పళ్లెం ముట్టలేదో ఆమెకు తెలిసినంతగా మరొకరికి తెలియదు కదా. బల్లలు సర్దే వంతు పిల్లలది. ఎంతమంది వచ్చారు, ఎన్ని పళ్లేలు, ఎన్ని చెంచాలు, ఒకటి తక్కువైతే ఎక్కడ తక్కువైంది: లెక్కల పాఠం ఇంతకంటే నిజమైన చోట మొదలవదు. కట్టడంలో ఈ ఒక్క గది స్థానం మార్చడంతో, భోజనం చదువుకు విరామం కాకుండా చదువులో భాగమైంది.

మూడో భాగం పనిగది. వాళ్లు దాన్ని అతెలియె అంటారు. ప్రతి బాలబడిలోనూ ఒకటి ఉంటుంది. తరగతి గదుల పక్కన చిన్న పనిగదులూ ఉంటాయి. బంకమట్టి, తీగ, కాగితం, రంగులు, ఆకులు, గవ్వలు, గుండీలు పారదర్శకమైన సీసాల్లో, పిల్లల చేతికి అందే ఎత్తులో అమర్చి ఉంటాయి. కింది నుంచి వెలుతురు వచ్చే బల్ల ఒకటి ఉంటుంది. దానిమీద ఆకు పెడితే ఈనెలు బయటపడతాయి. ఈ గదికి ఒక ప్రత్యేకమైన మనిషి ఉంటారు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు కాదు, కళలు చదివినవారు. దియానా బడిలో 1970 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు ఈ పని చేసిన వేయా వెక్కి పేరు ఈ రంగంలో వాళ్లందరికీ తెలుసు.

బొమ్మలు నేర్పడం కోసం ఈ గది పెట్టారనుకుంటే అసలు సంగతి జారిపోతుంది. గుర్రాన్ని కాగితం మీద గీయమంటే పిల్ల పక్కనుంచి గీస్తుంది, నాలుగు గీతలు కాళ్లవుతాయి, గుర్రం నిలబడ్డట్టే. అదే గుర్రాన్ని మట్టితో చేయమంటే నాలుగు కాళ్లూ పొట్ట బరువు మోయాలి. సన్నగా చేస్తే కూలిపోతుంది. అప్పుడు పిల్లకు కాళ్ల మందం, అవి ఎక్కడ అతకాలన్నది సమస్య అవుతుంది. తీగతో చేయమంటే మట్టిలో ఉన్న ఒళ్లంతా పోయి, మెడనుంచి వీపు మీదుగా తోకదాకా పోయే ఒక్క గీత వెతుక్కోవాలి. గుర్రం ఒకటే. మూడు పదార్థాలూ దాని గురించి మూడు వేరువేరు ప్రశ్నలు వేశాయి. పిల్లకు గుర్రం గురించి తెలిసినదేమిటో మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే టీచరుకు అర్థమవుతుంది. మాటలు ఇంకా పూర్తిగా రాని వయసులో ఆలోచనను బయటికి తెచ్చుకునే దారులు ఎన్ని వీలైతే అన్ని తెరిచిపెట్టాలన్నది ఈ బడుల పద్ధతికి రూపమిచ్చిన లోరిస్ మలగుత్సి ఆలోచన. దానికోసం మున్సిపాలిటీ ప్రతి బడికీ ఒక ఉద్యోగం మంజూరు చేసింది. ఆ రోజుల్లో ఖజానా లెక్కలు చూసే ఏ అధికారికైనా ఇది విలాసంగానే కనిపించి ఉండాలి.

ఇప్పుడు ఈ భాగాలన్నిటినీ కలిపి తిప్పే ఇరుసు దగ్గరికి వచ్చాం: నమోదు. పిల్లలు ఒక పని మీద ఉన్నప్పుడు టీచరు నోటు పుస్తకంలో రాసుకుంటుంది, మాటలు రికార్డు చేస్తుంది, ఫొటోలు తీస్తుంది. తర్వాత ఆ రికార్డును విని మాటలను కాగితం మీదికి ఎక్కిస్తుంది. పిల్లల తప్పులు దిద్దదు, వాక్యాలు చక్కబెట్టదు. ఆ కాగితాలను తోటి టీచరుతో, పనిగది కళాకారిణితో, కొన్ని బడులకు కలిపి ఒకరు చొప్పున మున్సిపాలిటీ నియమించిన సమన్వయకర్తతో కలిసి చదువుతుంది. 'వర్షం ఎక్కడి నుంచి వస్తుంది' అన్నదానికి ఒక పిల్లవాడు చెప్పిన జవాబు తప్పో ఒప్పో అక్కడ తేల్చరు. ఆ జవాబు వెనక వాడు కట్టుకున్న లెక్క ఏమిటి, దాన్ని వాడే పరీక్షించుకునేలా రేపు ఏ వస్తువు ముందు పెట్టాలి అన్నది తేలుస్తారు. ఆ పైన కొన్ని ఫొటోలు, కొన్ని మాటలు, కొన్ని బొమ్మలు ఎంచి గోడమీద ఫలకంగా అమరుస్తారు. పిల్లలు దాన్ని చూసి తమ పాత ఆలోచన గుర్తుచేసుకుంటారు. సాయంత్రం వచ్చిన తల్లి, తన కూతురు ఇవాళ ఏం చేసిందన్నది మాత్రమే కాక ఎలా ఆలోచించిందో కూడా చదువుతుంది. మొదట చెప్పిన ఆరు గంటలు ఖర్చయ్యేది ఇక్కడే. అవి తీసేస్తే నోటు పుస్తకాలు నిండుతాయి గానీ వాటిని చదివేవాళ్లుండరు.

ఈ ఇరుసు ఎంత నెమ్మదిగా, ఎంత నికరంగా తిరుగుతుందో చూడాలంటే దియానా బడిలో బల్ల కథ ఉంది. అది తర్వాత 'బూటు, మీటరు' అనే పేరుతో పుస్తకంగా కూడా వచ్చింది. బడికి అచ్చం తమ దగ్గరున్నట్టిదే ఇంకో పనిబల్ల కావలసి వచ్చింది. వడ్రంగిని పిలిచారు. కొలతలిస్తే చేసిపెడతానన్నాడు. కొలవడం ఐదారేళ్ల కొద్దిమంది పిల్లలకు అప్పగించారు. వాళ్లకు మీటరు కర్ర వాడకం తెలియదు. టీచర్లు చూపించి ఉంటే ఐదు నిమిషాల్లో పనైపోయేది. వాళ్లు చూపించలేదు.

పిల్లలు ముందు వేళ్లతో కొలిచారు. తర్వాత పిడికిళ్లతో, జానలతో, కాళ్లతో, తలలతో. ఒకరి చేయి ఇంకొకరి చేతికి సమానం కాదు కాబట్టి ఒకే బల్లకు వేరువేరు సంఖ్యలు వచ్చాయి. ఒక దశలో గెంతుతో కొలుద్దామనుకున్నారు. టీచర్లు అప్పుడూ అడ్డు రాలేదు. గెంతు ప్రతిసారీ మారిపోతుందని పిల్లలే గ్రహించాలి, గ్రహించారు. తర్వాత కాగితపు పట్టీల మీద అంకెలు వేసి ఎవరి మీటరు వాళ్లు తయారుచేసుకున్నారు. చూడ్డానికి అన్నీ మీటర్లే. కానీ అంకెల మధ్య ఎడం ఎవరికి తోచినట్టు వాళ్లు వేశారు కాబట్టి కొలతలు మళ్లీ కలవలేదు. అంకె రాసినంత మాత్రాన కొలత కాదని, అంకెకూ అంకెకూ మధ్య దూరం ఒకేలా ఉండాలని అక్కడ అర్థమైంది. చివరకు ఒక పిల్లవాడి బూటు తీసుకున్నారు. ఒకే బూటు, ఎవరు పెట్టినా అంతే పొడవు. బల్ల పొడవు ఇన్ని బూట్లని తేలింది. అందరూ ఒప్పుకున్న మొదటి కొలమానం అది. ఆ తర్వాతే అసలు మీటరు కర్ర చేతికొచ్చింది. అప్పటికి అది ఎందుకు కావాలో వాళ్లకు తెలుసు. బల్ల బొమ్మ గీసి, కొలతలు వేసి వడ్రంగికి ఇచ్చారు.

మనుషులు వేలు, మూర, బార, అడుగు అనుకుంటూ ఎన్నో తరాలలో నడిచిన దారి ఇది. ఈ పిల్లలు అదే దారిని ఒక గదిలో తమంతట తాము నడిచారు. దాన్ని వీలు చేసిన ఏర్పాట్లను ఒక్కసారి వెనక్కి చూడండి. కొద్దిమందితో రోజుల తరబడి ఉండటానికి ఒక టీచరు, మిగతావారితో ఇంకొకరు. గెంతును, కాగితపు మీటర్లను చూసి కంగారుపడకుండా, ఇది తప్పటడుగా, మంచి మలుపా అని సాయంత్రం కూర్చుని ఆలోచించడానికి జీతమున్న గంటలు. ఈ ఏడాదిలోపు సిలబస్ పూర్తిచేయాలనే ఒత్తిడి లేని మూడేళ్ల కాలం. టీచరు ఓర్పును మనం ఆమె మంచి గుణంగా పొగుడుతాం. ఆ ఓర్పు నిలబడేలా ఏర్పాటు చేసినవాళ్లు మున్సిపాలిటీ కార్యాలయంలో ఉన్నారు.

బడి మున్సిపాలిటీది కావడం వల్ల మరో లాభం ఉంది. ఊరంతా పిల్లల పాఠ్యవస్తువవుతుంది. సాన్ ప్రోస్పెరో చౌకులో ఉన్న రాతి సింహాల దగ్గరికి పిల్లలు వెళ్లి, వాటిమీద ఎక్కి, తడిమి, నీడ చూసి, బడికి వచ్చి మట్టితో సింహాన్ని చేశారు. లా విల్లెట్టా బడి పిల్లలు తమ తోటకు వచ్చే పక్షుల కోసం ఏకంగా ఒక వినోద ఉద్యానం తలపెట్టారు. నగరంలోని ఫౌంటెన్లు తిరిగి చూసి, నీరు పైకెలా లేస్తుందో ఎవరి ఊహ వాళ్లు గీసి, నీటిచక్రాలూ ఫౌంటెన్లూ కట్టారు. నగరంలోని అరియోస్తో నాటకశాల రంగస్థలపు తెరకు బొమ్మ సమకూర్చింది దియానా బడి పిల్లలు. పెద్దల నాటకాలు ఆడే చోట, పెద్దల కళ్ల ముందు, ఐదారేళ్లవాళ్ల గీత. రెమీదా అని 1996లో ఒక కేంద్రం పెట్టారు. మున్సిపాలిటీ, చెత్త సేకరణ చూసే ప్రభుత్వ సంస్థ కలిసి పెట్టినది. స్థానిక ఫ్యాక్టరీల్లో లోపమున్నవి, మిగిలిపోయినవి అయిన కాగితం, ప్లాస్టిక్, తోలు, లోహపు ముక్కలను తెచ్చి, శుభ్రంగా వర్గీకరించి బడులకు ఇస్తారు. పారిశుద్ధ్యం ఒక శాఖ, విద్య ఇంకో శాఖ. రెండూ ఒకే కప్పు కింద ఉన్నచోట ఒకరి వ్యర్థం ఇంకొకరి ముడిసరుకవుతుంది. స్థానిక పాలనకున్న ఈ బలాన్ని రాజధానిలో కూర్చున్న ఏ విద్యాశాఖా అందుకోలేదు.

ఇదంతా ఎక్కడ మొదలైందో చెప్పడానికి ఇప్పటిదాకా ఆగాను. 1945 ఏప్రిల్ 25న ఇటలీ ఫాసిస్టుల నుంచి, నాజీల నుంచి విముక్తమైంది. కొద్దిరోజులకే రెజ్జో పొలిమేరలోని విల్లా చెల్లా అనే పల్లెలో జనం బడి కట్టడం మొదలుపెట్టారు. వెనుదిరిగి పోతూ జర్మన్ సైన్యం వదిలేసిన ఒక ట్యాంకును, కొన్ని లారీలను, గుర్రాలను అమ్మిన డబ్బే పెట్టుబడి. బాంబులకు కూలిన ఇళ్ల ఇటుకలు, ఏటి ఇసుక, సెలవు రోజుల్లో ఊరివాళ్ల ఒంటి కష్టం. ఆ డబ్బుతో బడి కట్టాలని పట్టుబట్టినవాళ్లలో ఆడవాళ్లు ముందున్నారు. ఈ కబురు విని, ఇరవై అయిదేళ్ల బడి పంతులు మలగుత్సి సైకిల్ మీద చూడటానికి వెళ్లాడు. ఆ తర్వాత ఆ పనిలోంచి బయటికి రాలేదు. ఇటలీ మహిళా సంఘం ఆసరాతో చుట్టుపక్కల మరికొన్ని బడులు ఇలాగే లేచాయి. అయితే చందాల మీద, ఉత్సాహం మీద ఒక బడి ఎన్నాళ్లు నడుస్తుంది? ఆ తల్లులు నగరపాలక సంస్థ తలుపు తట్టారు, తడుతూనే ఉన్నారు.

1963లో మున్సిపాలిటీ తన మొదటి బాలబడి తెరిచింది. రెండు గదులు, 60 మంది పిల్లలు. పేరు రాబిన్సన్. అప్పటిదాకా ఇటలీలో చిన్నపిల్లల బడులు ఎక్కువగా చర్చి చేతిలో ఉండేవి. జాతీయ ప్రభుత్వం మూడు నుంచి ఆరేళ్లవారికి సొంత బడులు పెట్టే చట్టం చేసింది 1968లో. అంటే ఊరు దేశం కంటే అయిదేళ్లు ముందు నడిచింది. మూడేళ్లలోపు పసివాళ్ల కేంద్రాలకు జాతీయ చట్టం 1971 డిసెంబరులో వచ్చింది. రెజ్జోలో మొదటి పసివాళ్ల కేంద్రం తెరిచిందీ ఆ రోజుల్లోనే. దానికి ఫాసిస్టులు కాల్చి చంపిన ఏడుగురు అన్నదమ్ముల తల్లి జెనొయెఫ్ఫా చెర్వి పేరు పెట్టారు. తల్లిదండ్రులు నడుపుకుంటూ వచ్చిన పాత బడులను 1967లో మున్సిపాలిటీ తన కిందికి తీసుకుంది.

కొత్త బడిని ఊరు నమ్మాలి. నమ్మించడానికి వాళ్లు చేసిన పని నాకు చాలా ఇష్టం. వారానికోసారి పిల్లల్నీ సామగ్రినీ లారీలో ఎక్కించి ఊరి నడిమధ్యకు తీసుకెళ్లేవారు. చౌకులో, ఉద్యానవనాల్లో, మున్సిపల్ నాటకశాల స్తంభాల కింద బడి పెట్టేవారు. దారినపోయేవాళ్లు నిలబడి చూసేవారు. తమ పన్ను డబ్బు ఏమవుతోందో వాళ్ల కళ్లకు అక్కడే కనిపించేది.

1972లో నగర పాలక మండలి ఈ బడుల నిబంధనావళిని ఆమోదించింది. ప్రతిపక్షంలో ఉన్న కాథలిక్ సభ్యులతో సహా అందరూ అనుకూలంగా ఓటేశారు. ఈ కథలో నేను అన్నింటికంటే గొప్ప పనిముట్టుగా చూసేది ఆ నిబంధనావళినే. తరగతికి ఇద్దరు టీచర్లు, పనిగది, దాని మనిషి, బడిలోనే వంట, సమన్వయకర్తలు, తల్లిదండ్రులకూ పౌరులకూ చోటున్న సంఘం: పదేళ్ల ఆచరణలో నలిగి నిలిచినవాటికి అది చట్టబద్ధమైన రూపం ఇచ్చింది. మంచి టీచరు బదిలీ అయినా, మంచి మేయరు దిగిపోయినా బడి కూలకుండా ఆపేది ఇలాంటి కాగితమే. ప్రవేశాల్లో కూడా అదే తీరు. వైకల్యమున్న పిల్లలకు మొదటి ప్రాధాన్యం. రుసుము కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది.

బడి సంఘంలో తల్లిదండ్రులు, సిబ్బంది, ఊరి పౌరులు ఎన్నికై కూర్చుంటారు. తరగతి సమావేశాలు తల్లిదండ్రులు పనుల నుంచి వచ్చాక సాయంత్రాలు పెడతారు. బల్లలు, ఆటవస్తువులు తయారుచేయడానికి కలిసే సాయంత్రాలుంటాయి. బడి వంటమనిషి దగ్గర వంటకాలు నేర్చుకునే సాయంత్రాలూ ఉంటాయి. కన్నవాళ్ల మాటకు బడిలో అధికారం ఉంది. అందుకే బడ్జెట్టు కోతల కాలంలో ఈ బడుల పక్షాన మాట్లాడేవాళ్లు కార్యాలయం బయట కూడా ఉన్నారు.

మలగుత్సి 1994 జనవరిలో కన్నుమూశాడు. పని ఆగలేదు. అదే ఏడాది, ఈ అనుభవాన్ని బయటివారితో పంచుకోవడానికి రెజ్జో చిల్డ్రన్ అనే సంస్థ ఏర్పడింది. 2003లో బడుల నిర్వహణ కోసం మున్సిపాలిటీ తనలోనే ప్రత్యేక సంస్థను పెట్టింది. 2006లో పాత జున్ను గోదామును మార్చి మలగుత్సి పేరిట అంతర్జాతీయ కేంద్రం తెరిచారు. ఊళ్లోని పిల్లలందరూ మున్సిపల్ బడుల్లోనే లేరు. జాతీయ ప్రభుత్వ బడులు, చర్చి అనుబంధ బడులు, సహకార సంఘాల కేంద్రాలు కూడా ఉన్నాయి. మున్సిపాలిటీ వాటితో ఒప్పందాలు కుదుర్చుకుని నడుస్తోంది. అన్నీ తన గుప్పిట్లో ఉండాలనుకోకుండా, ప్రమాణం ఎలా ఉండాలో తన బడుల్లో చేసి చూపింది.

ఈ బడులు చూసి వచ్చిన మనవాళ్లలో కొందరు వాటి పేరు తగిలించి నగరాల్లో ఖరీదైన ప్రీస్కూళ్లు పెడుతున్నారు. వెలుగు బల్లలు, అద్దాలు తెస్తున్నారు. ఆ సామాను మంచిదే. కానీ రెజ్జో వారసత్వం ఫీజు కట్టగలిగినవాళ్లది కాదు. అది పన్ను డబ్బుతో ఊరందరి పిల్లల కోసం నడిచే బడి. మన దగ్గర దానికి దగ్గరి చుట్టం అంగన్‌వాడీ.

1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకం కింద తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి ఊళ్లోనూ అంగన్‌వాడీ ఉంది. ఒక టీచరు, ఒక ఆయా. అంటే ఇద్దరు మనుషులు. పొయ్యి అక్కడే ఉంటుంది. పప్పు, కూర, గుడ్డు పిల్లల ఎదుటే ఉడుకుతాయి. ఊరి తల్లులు రోజూ గుమ్మంలోకి వస్తారు. భాగాలు చాలావరకు ఉన్నాయి. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉన్న 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో 25వదిగా మహిళా శిశు అభివృద్ధిని పదకొండో షెడ్యూలులో రాసింది. ఆచరణలో నియామకాలు, జీతాలు, సరుకులు రాష్ట్ర శాఖ చేతుల మీదుగానే నడుస్తాయి. టీచరు రోజులో పెద్ద భాగం రిజిస్టర్లకు, ఫోన్లోని పోషణ్ ట్రాకర్‌కు, సర్వేలకు పోతుంది. పిల్లల బరువు నమోదవుతుంది, ఎత్తు నమోదవుతుంది. ఆ పిల్ల ఇవాళ అడిగిన ప్రశ్న నమోదయ్యే గడి ఏ రిజిస్టరులోనూ లేదు. ఉన్నా, దాన్ని కూర్చుని చదివే గంట ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

సర్పంచులకు, వార్డు సభ్యులకు ఒక విన్నపం. వచ్చే గ్రామసభ ఎజెండాలో అంగన్‌వాడీని ఒక అంశంగా పెట్టండి. భవనం సున్నం, కరెంటు బిల్లుతో సరిపెట్టకండి. వారంలో ఒక పూట టీచరుకు పిల్లలూ, రిజిస్టర్లూ లేని పనిగంటలు కావాలని, ఆ పూట ఆయాకు తోడుగా ఇంకొకరిని పంచాయతీ ఖర్చుతో పెడతామని తీర్మానం రాసి ఐసీడీఎస్ అధికారులకు పంపండి. ఆ తీర్మానం కాపీ అంగన్‌వాడీ గోడమీద, తల్లులందరికీ కనబడేచోట అంటించండి.